తాళంచెవి ఎవరి దగ్గర ఉంది?

ప్రశ్న: నేను మల్కాజిగిరిలోని ఒక ప్రైవేటు ఉన్నత పాఠశాలలో పద్నాలుగేళ్లుగా లెక్కలు చెబుతున్నాను. ఈ జూన్‌లో మా హెడ్‌మిస్ట్రెస్ గారు స్పోర్ట్స్ క్లబ్ బాధ్యత నాకు అప్పగించారు. చిన్నప్పుడు తొక్కుడుబిళ్ల తప్ప నేను ఏ ఆటా ఆడలేదు. బడిలో 700 మంది పిల్లలకు ఆటలు నేర్పే టీచరు ఒకే ఒక్క పీఈటీ సారు. ఆయనకు బస్సుల దగ్గర డ్యూటీ, ఆలస్యంగా వచ్చినవాళ్లను నిలబెట్టే పని కూడా ఉన్నాయి. క్లబ్బు పుస్తకంలో 120 పేర్లున్నా మైదానంలో కనిపించేది క్రికెట్, వాలీబాల్ ఆడే పాతిక మంది మగపిల్లలే. ఎనిమిదో తరగతి దాటిన ఆడపిల్లలు ఒక్కరూ రారు. స్థలం 40 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు. ఒక్కొక్కరి దగ్గర ఏడాదికి 600 రూపాయలు ఆటల ఫీజు తీసుకుంటారు, ఖర్చు వివరం నాకు తెలియదు. మావాణ్ణి జట్టులోకి ఎందుకు తీసుకోలేదని కొందరు తల్లిదండ్రులు, అసలు ఆటలెందుకని మరికొందరు నా మీదికి వస్తున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక లెక్కల టీచరు

జవాబు: టీచరుగారూ, మీరు అన్నీ రాశారు గానీ, మీ బడి ఆటల గది తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో రాయలేదు. ముప్పై ఒక్క ఏళ్లు ఫిజికల్ డైరెక్టరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఏ బడికి వెళ్లినా కప్పులు పెట్టిన అద్దాల బీరువా వైపు చూడను, తాళంచెవి అడుగుతాను. "హెడ్‌మాస్టరు గారి సొరుగులో ఉందండీ, ఆయన మీటింగుకు వెళ్లారు" అని జవాబు వస్తే మిగతా సంగతులు అడగనక్కర్లేదు. లోపల గాలి దిగిపోయిన బంతులు, ధర చీటీ కూడా చింపని స్కిప్పింగ్ తాళ్లు, ఎలుకలు కొరికిన నెట్టు ఉంటాయి. వస్తువులు లేక ఆటలు ఆగిన బళ్లు ఉన్నాయి, కాదనను. వస్తువులుండీ తాళం తీయక ఆగిన బళ్లే నేను ఎక్కువ చూశాను.

ఆటలు రావని సంకోచపడకండి. క్లబ్బు నడపడానికి కావలసింది హాజరు పట్టీ, వేళాపట్టిక, డబ్బు లెక్క, కాస్త మొండితనం. ఈ నాలుగూ లెక్కల టీచర్ల దగ్గర దండిగా ఉంటాయి. మన హైదరాబాద్‌లో ఈ విద్యకు పెద్దదిక్కు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన మొదట బడిపంతులు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీసు ఫుట్‌బాల్ జట్టును చేతికి తీసుకుంటే, ఆ జట్టు వరుసగా అయిదేళ్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951లో ఢిల్లీలోనూ, 1962లో జకార్తాలోనూ ఆసియా క్రీడల బంగారు పతకం తెచ్చింది. ఆయన మంచి ఆటగాడు కూడా, అది వేరే సంగతి. తరగతి గదిలో నలభై మందిని ఒకేసారి కనిపెట్టుకునే కన్ను మైదానంలోనూ పనికొస్తుందని చెప్పడానికే ఆయన పేరు ఎత్తాను.

ఇక అసలు విషయం. మీ బడిలో ఉన్నది జట్టు. దానికి క్లబ్బు అని పేరు పెట్టుకున్నారు. జట్టు గెలవడానికి పుడుతుంది, అందులో పన్నెండు మందికో పదిహేను మందికో చోటుంటుంది. క్లబ్బు ఆడించడానికి పుడుతుంది. అందులో ముందు చోటు ఆట రాని పిల్లలకు దక్కాలి. వచ్చినవాడికి ఏముంది, సందులోనో అపార్ట్‌మెంటు సెల్లారులోనో ఎలాగూ ఆడుకుంటాడు. మీ 120 పేర్లలో 95 మంది ఎందుకు రావడం లేదో నాకు తెలుసు. వాళ్లు వచ్చారు. రెండు వారాలు గోడ పక్కన నిలబడ్డారు. తమను ఎవరూ పిలవరని అర్థమై వెళ్లిపోయారు.

ఈ తప్పు నేనూ చేశాను, పదకొండేళ్లు చేశాను. నా వాలీబాల్ జట్టు ఏటా జిల్లా పోటీలకు వెళ్లేది, పేపర్లో ఫోటో వచ్చేది, నేను మురిసిపోయేవాణ్ణి. రిటైరయ్యాక ఒకరోజు సికింద్రాబాద్ నుంచి ఈసీఐఎల్ వెళ్లే బస్సులో కండక్టరు నన్ను గుర్తుపట్టి నమస్కారం పెట్టాడు. జట్టులో ఉండేవాడివా బాబూ అని అడిగాను. "లేదు సార్, బయటికి పోయిన బంతులు తెచ్చి ఇచ్చేవాణ్ణి. అయిదేళ్లు ఏరాను. ఒక్కసారి సర్వీసు చేయమంటారేమోనని చూసేవాణ్ణి" అన్నాడు. కోపంగా అనలేదు, టికెట్టు చింపి ఇస్తూ నవ్వుతూనే అన్నాడు. నేను దిగవలసిన స్టాపు దాటిపోయింది.

అందుకే మొదట మీ చేతిలో ఉన్న పని చెబుతాను. సిలబస్ పూర్తి కాలేదని నిరుడు మీరు ఎన్ని డ్రిల్లు పీరియడ్లు తీసుకున్నారు? నిజం చెప్పండి. మన బళ్లలో డ్రిల్లు పీరియడు దిక్కులేని పోరంబోకు స్థలం, ఎవరికి అవసరమైతే వాళ్లు గుడిసె వేసుకుంటారు. మొదటి గుడిసె ఎప్పుడూ లెక్కలవాళ్లదే. అయిదు నుంచి పదిహేడేళ్ల పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు కదిలేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, అంటే వారానికి 420 నిమిషాలు. మన బడి వారానికి ఇచ్చేది రెండు పీరియడ్లు. వరుసలో నిలబడి వెళ్లి రావడానికి పోను ఒక్కోదానిలో మిగిలేది అరగంట. 420 కావలసిన చోట 60. అందులోంచి కూడా మనం అప్పు తీసుకుంటున్నాం. ఇక మీదట నేను తీసుకోనని స్టాఫ్ రూములో అందరి ముందూ చెప్పండి. వేరే టీచరు తీసుకుంటే ఏ తేదీన ఏ తరగతి పీరియడు పోయిందో ఒక నోటు పుస్తకంలో రాయండి. గొడవ పడనక్కర్లేదు, రాస్తే చాలు. నెలాఖరున హెడ్‌మిస్ట్రెస్ గారి బల్ల మీద పెట్టండి.

రెండో పని మీకు సరదాగా ఉంటుంది. ఏదో ఒక తరగతి డ్రిల్లు పీరియడులో మైదానం అంచున కుర్చీ వేసుకుని కూర్చోండి. 42 మంది పేర్ల పట్టిక చేతిలో పెట్టుకుని, ఒక్కొక్కరు బంతిని ఎన్నిసార్లు తాకారో గీతలు గీయండి. ఒక్క అరగంట చాలు. చాలా బళ్లలో తేలే లెక్క ఇలా ఉంటుంది: ఆరుగురికి నలభై యాభై గీతలు, పది పన్నెండు మందికి అయిదారు, మిగతా అందరికీ సున్నా. ఆ కాగితాన్ని పీఈటీ సారుకు ఒంటరిగా చూపించండి, నలుగురిలో కాదు. క్లబ్బు ఎలా నడుస్తోందో చెప్పడానికి ఇంతకంటే మంచి కొలబద్ద నాకు తెలియదు. కప్పులు ఎన్ని వచ్చాయన్నది జట్టులోని పన్నెండు మంది లెక్క. సున్నాలు ఎన్ని తగ్గాయన్నది మీ లెక్క.

ఆ సున్నాలు ఎందుకు వస్తాయో చూడండి. వాలీబాల్ కోర్టు 18 మీటర్లు పొడవు, 9 మీటర్లు వెడల్పు, అందులో ఆడేది పన్నెండు మంది. 42 మంది తరగతికి ఒక కోర్టు, ఒక బంతి ఇస్తే 30 మంది ప్రేక్షకులే. ఆడే పన్నెండు మందిలోనూ సగం మందికి బంతి అందదు. పెద్దవాళ్ల పోటీల్లో నెట్టు ఎత్తు మగవాళ్లకు 2.43 మీటర్లు, ఆడవాళ్లకు 2.24. ఆ నెట్టునే ఆరో తరగతి పిల్లలకు కట్టి, వీళ్లకు ఆట రాదంటాం. చేయెత్తితే అందేంత కిందికి దించండి, మధ్యాహ్నానికల్లా ఆట వస్తుంది. క్రికెట్టు సంగతి మరీ ఘోరం. అజహరుద్దీన్, లక్ష్మణ్, మిథాలీ రాజ్ ఆడి పెరిగిన ఊళ్లో క్రికెట్టు మీద మాట తూలితే నన్ను బతకనివ్వరు. అయినా మీ స్థలంలో ఇరవై మంది క్రికెట్టు ఆడితే ఆడేది ఇద్దరు, ఎండలో నిలబడేది పద్దెనిమిది మంది. అటు నలుగురు, ఇటు నలుగురు, ప్రతివాడూ ఒక ఓవరు వేసి ఒక ఓవరు ఆడాలని నియమం పెడితే అదే క్రికెట్టు పనికొస్తుంది.

మీ స్థలం చిన్నదని బాధపడుతున్నారు గానీ, కాగితం మీద గీసి చూడండి. ఖోఖో కోర్టు 27 మీటర్లు పొడవు, 16 మీటర్లు వెడల్పు. చుట్టూ మీటరున్నర ఖాళీ వదిలితే 30కి 19. మీ 40 మీటర్ల పొడవులో ఇంకా 10 మీటర్లు మిగిలింది. బాలికలు, జూనియర్లు ఆడే కబడ్డీ కోర్టు 12 మీటర్లు పొడవు, 8 మీటర్లు వెడల్పు, దాన్ని అడ్డంగా వేస్తే ఆ మిగిలిన ముక్కలో పడుతుంది. అప్పటికీ మూలన 8 మీటర్ల చోటుంటుంది. అక్కడ తాడాట పెట్టండి, లేదా మీకు వచ్చిన తొక్కుడుబిళ్ల గీయండి. ఖోఖోలో ఇటు తొమ్మిది, అటు తొమ్మిది, కబడ్డీలో ఏడూ ఏడూ, మూలన పది. మొత్తం 42. పది నిమిషాలకు ఒకసారి ఈల వేసి చోట్లు మార్చండి. కావలసిన ఖర్చు సున్నం, రెండు తాళ్లు. ఏడు పెంకులాట కూడా చేర్చవచ్చు. మా వీధిలో దాన్ని లింగోచ అనేవాళ్లం, గురి కుదరడానికి అంత మంచి ఆట ఇంకొకటి లేదు. ఇప్పటి పిల్లలకు పేరు కూడా తెలియదని బాధపడేవాళ్లు ఎక్కువ, నేర్పేవాళ్లు తక్కువ.

అలా నాలుగు ఆటలు తిప్పడంలో మరో లాభం ఉంది. పదమూడేళ్లలోపు పిల్లవాణ్ణి ఒకే ఆటకు కట్టేయకూడదు. ఏ ఒంటికి ఏ ఆట కుదురుతుందో ముందే ఎవరికి తెలుసు? నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ మొదట పరుగు పందేల్లో తిరిగింది, 2022లోనూ 2023లోనూ ప్రపంచ బాక్సింగ్ విజేత అయింది. సింధు తల్లిదండ్రులిద్దరూ వాలీబాల్ క్రీడాకారులు. తండ్రి రమణ 1986 ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టులో ఉన్నారు. కూతురు చూస్తే రాకెట్టు పట్టుకుంది.

ఇప్పుడు తాళంచెవి దగ్గరికి మళ్లీ వద్దాం. దాన్ని పిల్లల చేతికి ఇవ్వండి. ఎనిమిది, తొమ్మిది తరగతుల నుంచి వారానికి ఇద్దరు, ఒక అమ్మాయి, ఒక అబ్బాయి. ఉదయం గది తెరవడం, ఏ బంతి ఎవరు తీసుకున్నారో పుస్తకంలో రాయడం, సాయంత్రం లెక్క చూసుకుని తాళం వేయడం వాళ్ల పని. బంతుల మీద అంకెలు వేయించండి. జట్టు కెప్టెన్లకు మాత్రం ఈ పని ఇవ్వకండి, వాళ్లు కొత్త బంతిని తమవాళ్లకు దాచిపెడతారు. ఆటలో వెనకబడిన పిల్లల్ని పిలవండి. స్కోరు రాయడం, ఈల పట్టుకుని రెఫరీగా నిలబడటం, గీతలు గీయడం కూడా క్లబ్బు పనులే. పరుగెత్తలేని పిల్లవాడు కబడ్డీ నియమాలన్నీ కంఠతా పట్టి రెఫరీ అయి, మైదానంలో అందరికంటే గౌరవం సంపాదించుకోవడం నేను చూశాను.

బంతులు పోతాయని మీ హెడ్‌మిస్ట్రెస్ గారు అంటారు. అవును, పోతాయి. పక్కింటి డాబా మీద పడతాయి, ముళ్లకంపలో పగులుతాయి. ఏడాదికి ఆరు బంతులు ఆడి పగిలితే అది ఖర్చు. ఆరు బంతులు బీరువాలో ఎండి పగిలితే అదే నష్టం. ఈ తేడా మీ మాటగా ఆమెకు చెప్పండి, లెక్కల టీచరు చెబితే వింటారు.

పీఈటీ సారు గురించి మీరు రాసిన రెండు వాక్యాలు చదివి నాకు కడుపులో దేవినట్టయింది. ఆయన్ను బడి బస్సు క్లీనరుగానూ, గేటు కాపలాదారుగానూ వాడుకుంటోంది. మీరు క్లబ్బు ఇన్‌ఛార్జిగా వచ్చారంటే తన మీద ఇంకొక పెత్తనం వచ్చిందని ఆయన అనుకునే ఉంటారు. ముందు ఆయన ఏ ఆట ఆడి ఈ ఉద్యోగానికి వచ్చారో అడగండి. ప్రతి పీఈటీ వెనక ఒక ఆట ఉంటుంది, యూనివర్సిటీకో జిల్లాకో ఆడిన రోజులుంటాయి. ఆ సంగతి అడిగినవాళ్లు ఆ బడిలో ఎవరూ ఉండరు. తర్వాత బస్సుల డ్యూటీ వారానికి రెండు రోజులైనా వేరే టీచర్లకు పంచమని మీరు మాట్లాడండి. కాగితాలు, లెక్కలు, తల్లిదండ్రులతో మాటలు మీరు తీసుకోండి, మైదానం ఆయనకు వదలండి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం బడికి ఆట స్థలం ఉండాలి, తరగతులకు ఆట వస్తువులు ఇవ్వాలి, ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వంద మంది దాటితే వ్యాయామ విద్యకు కనీసం పార్ట్‌టైం బోధకుడు ఉండాలి. అంటే ఆటలు యాజమాన్యం పెట్టే దానం కాదు. ఈ మాట అవసరమైనప్పుడే వాడండి, మొదటి మీటింగులోనే కాదు.

ఒక విషయంలో మాత్రం ఆయనతో గట్టిగా ఉండండి. ఆలస్యంగా వచ్చినవాడికి, హోంవర్కు చేయనివాడికి మైదానం చుట్టూ పది రౌండ్లు అనే శిక్ష ఈ రోజే మానాలి. అదే చట్టంలోని 17వ సెక్షను పిల్లల్ని శారీరకంగా శిక్షించడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. చట్టం సంగతి అలా ఉంచండి. పొద్దున శిక్షగా పరుగెత్తినవాడు సాయంత్రం సరదాకి ఎలా పరుగెడతాడు? మనం పిల్లలకు పరుగంటే అసహ్యం నేర్పి, ఆ తర్వాత ఒళ్లు వంచరని తిడుతున్నాం.

ఆడపిల్లలు ఎందుకు రారని వాళ్లనే అడగండి. మీరు ఆడమనిషి కావడం ఇక్కడ పెద్ద బలం, నాకు ముప్పై ఏళ్లలో చెప్పని మాటలు మీకు ఒక్క మధ్యాహ్నంలో చెబుతారు. నేను ఊహించగలిగినవి ఇవి. మైదానం ఎప్పుడూ మగపిల్లల కబ్జాలో ఉంటుంది, ఖాళీ చేయమని అడగడమే ఒక యుద్ధం. స్కర్టుతో ఖోఖోలో కూర్చుని లేవడం కష్టం. బట్టలు మార్చుకునే గది లేదు, మరుగుదొడ్డికి నీళ్లు రావు. నెలసరి రోజుల్లో ఏం చేయాలో మగ పీఈటీని అడగలేరు. సాయంత్రం ఆగితే ఇంటికి చీకటి పడుతుంది, తోడు ఉండదు. చూడండి, ఇందులో ఒక్కదానికీ ఆటతో సంబంధం లేదు. వారంలో రెండు రోజులు మైదానం మొత్తం అమ్మాయిలదేనని గోడ మీద రాయించండి, మీరు ఆ రోజుల్లో అక్కడే ఉండండి. ఆటల రోజున ట్రాక్ ప్యాంటు వేసుకు రావచ్చని సర్క్యులరు ఇప్పించండి. ఆటల గదిలో ఫస్ట్ ఎయిడ్ పెట్టె పక్కన ప్యాడ్ల పెట్టె ఉంచండి, అడగకుండా తీసుకునేలా. సాయంత్రం కుదరకపోతే భోజన విరామం తర్వాతి పీరియడో, ఉదయం ప్రార్థనకు ముందు అరగంటో చూడండి. త్రోబాల్, రబ్బరు రింగుతో ఆడే టెన్నికాయిట్ వంటివి మొదట పెట్టండి. మొదటి వారం నలుగురే వస్తే క్లబ్బు రద్దు చేయకండి. ఆ నలుగురి స్నేహితురాళ్లు కిటికీలోంచి చూస్తుంటారు.

ఏడాది వేళాపట్టిక గురించి కాస్త. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ 1954 నుంచి ఉంది. అండర్ 14, 17, 19 వయసుల్లో దాని పోటీలు స్థానిక స్థాయి నుంచి జిల్లా, రాష్ట్రం, జాతీయం దాకా వెళతాయి. బడి తెరిచిన కొద్ది నెలలకే ఎంపికల హడావుడి మొదలవుతుంది కాబట్టి బడి ఆటల ఏడాది అంతా దాని చుట్టూనే తిరుగుతుంది. దసరా సెలవులకల్లా జట్టు ఓడిపోయి తిరిగొస్తుంది, అక్కడితో ఏడాది ఆటలు ముగుస్తాయి. ఆ తర్వాత వచ్చేదే హైదరాబాద్‌లో ఆడుకోవడానికి అన్నిటికంటే మంచి కాలం. నవంబరు నుంచి జనవరి దాకా వాన ఉండదు, ఎండ మెత్తగా ఉంటుంది. ఆ మూడు నెలల్నీ మనం మార్చ్ పాస్ట్ రిహార్సళ్లకూ స్టడీ అవర్లకూ ధారపోస్తాం. మీ క్లబ్బు లీగు అప్పుడు పెట్టండి. హౌసుల వారీగా వద్దు, హౌసంటే మళ్లీ కెప్టెను మంచివాళ్లను ఏరుకుంటాడు. ప్రతి తరగతిని చీటీలు తీసి ఆరు జట్లుగా చేయండి. ప్రతివాడూ ప్రతి ఆటలో సగం సేపు ఆడాలి. బెంచీ మీద కూర్చునే ఏర్పాటే ఉండకూడదు. మార్చి మధ్యలో ఒంటి పూట బడులు వస్తాయి, అప్పటికి లీగు పూర్తి కావాలి. ఆ తర్వాత తొమ్మిది దాటితే మైదానంలోకి ఎవరినీ పంపకండి. వేసవిలో ఆడాలనుకునేవాళ్లను నగరపాలక సంస్థ మైదానాల్లో పెట్టే శిక్షణ శిబిరాలకు పంపవచ్చు.

డబ్బు విషయం మీరు చాలా మర్యాదగా రాశారు. 700ను 600తో గుణించారా? 4,20,000 రూపాయలు. సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ పథకం కింద సర్కారు ప్రాథమిక పాఠశాలకు ఆటల గ్రాంటు ఏడాదికి 5,000, ప్రాథమికోన్నతకు 10,000, ఉన్నత పాఠశాలకు 25,000. దాదాపు పదిహేడు సర్కారు ఉన్నత పాఠశాలల ఆటల సొమ్ము మీ ఒక్క బడిలో జమ అవుతోంది, మీకేమో బంతుల్లో గాలి లేదు. నేను ఎవరినీ అనుమానించడం లేదు. ఆ సొమ్ము వార్షికోత్సవం షామియానాలోకీ కప్పుల్లోకీ పోయి ఉంటుంది, చాలా చోట్ల జరిగేది అదే. ఎక్కడికి పోయిందని వెనక్కి తవ్వితే మీ ఉద్యోగానికి చిక్కు. ముందుకు చూడండి. ఈ ఏడాదికి క్లబ్బుకు ఎంత ఇస్తారో ఒక అంకె రాతపూర్వకంగా అడగండి, అది లక్ష అయినా సరే. రెండు సంతకాలు లేకుండా ఖర్చు కాకూడదు, మీదొకటి, పీఈటీ సారుదొకటి. ప్రతి నెలా కొన్నవి, వాటి ధరలు నోటీసు బోర్డు మీద అంటించండి. ఆ కాగితం కనబడటం మొదలైతే తల్లిదండ్రుల గొడవల్లో సగం తగ్గుతాయి.

డబ్బు కనబడగానే బయటి కోచింగ్ సంస్థలు వస్తాయి. రంగురంగుల టీ షర్టులు, పెద్ద పెద్ద మాటలు. కొందరు నిజంగా మంచివాళ్లే. వచ్చినవాడు ఎవరైనా ముందు గుర్తింపు కార్డు, చదువు, గతంలో పనిచేసిన చోటు తెలుసుకోండి, ఆ చోటికి మీరే ఫోన్ చేయండి. ఏ పెద్ద మనిషీ ఏ పిల్లతోనూ మూసిన గదిలో ఒంటరిగా ఉండకూడదు. పిల్లలకు విడిగా ఫోన్ సందేశాలు పంపకూడదు, సమాచారం ఏదైనా తల్లిదండ్రుల గ్రూపులోనే. అమ్మాయిలు పోటీలకు వెళితే టీచరమ్మ తోడు లేకుండా బస్సు కదలకూడదు. నియమాలు కోచ్‌కే కాదు, పీఈటీకి, నాకు, మీకూ వర్తించాలి. ఏదైనా జరిగిందని తెలిసినా, జరగవచ్చని అనుమానం వచ్చినా పోలీసులకు చెప్పడం, పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 పోక్సో చట్టం 19వ సెక్షను ప్రకారం తప్పనిసరి. బడి పరువు పోతుందని దాచడం నేరం. పిల్లల సహాయానికి 1098 నంబరును ఆటల గది తలుపు మీద పెద్ద అక్షరాలతో రాయించండి.

ఆ పక్కనే ప్రతి పిల్లవాడి ఇంటి ఫోన్ నంబరు, ఉబ్బసం, మూర్ఛ వంటివి ఉంటే ఆ వివరం రాసిన పుస్తకం ఉండాలి. తలకు గట్టిగా దెబ్బ తగిలిన పిల్లవాడు బాగానే ఉన్నానన్నా ఆ రోజు మళ్లీ ఆడకూడదు. ఇంటికి ఫోన్ చేసి డాక్టరుకు చూపించమనాలి. ఫైనల్ మ్యాచ్ అయినా సరే. ఇక్కడ పీఈటీ సారుతో వాదన వస్తే మీ మాటే నెగ్గాలి.

జట్టు వద్దని నేను అనడం లేదు. ఉండనివ్వండి, క్లబ్బులో ఒక భాగంగా. ఎంపిక తేదీ, ఏం చూసి ఎంపిక చేస్తారన్నది రెండు వారాల ముందే గోడ మీద ఉండాలి, ఎంపిక చేసేవాళ్లు ఇద్దరుండాలి. మావాణ్ణి ఎందుకు తీసుకోలేదని వచ్చిన తండ్రికి ఆ కాగితం చూపించి, లీగులో మీవాడు వారం వారం ఆడుతున్నాడు, శనివారం వచ్చి చూడండి అని చెప్పండి. చూడటానికి వచ్చి గీత దగ్గర నిలబడి కేకలు వేస్తే కుర్చీ ఇచ్చి గోడ దగ్గర కూర్చోబెట్టండి. పుట్టిన తేదీ కాస్త మార్చి అండర్ 14లో ఆడిద్దామని ఎవరైనా చెవిలో ఊదితే, ఊదినవాడు ఎంత పెద్దవాడైనా కుదరదనండి. అసలు ఆటలెందుకనే తల్లిదండ్రులతో వాదించి నేను ఎప్పుడూ గెలవలేదు. వాళ్ల పిల్లలు సాయంత్రం ఇంటికి వెళ్లి పొట్టనిండా తిని తొమ్మిదింటికే నిద్రపోతే, నెల తిరక్కుండా మెత్తబడతారు.

ఎప్పుడో ఒకరు నిజంగా మెరిసే పిల్ల కనబడుతుంది. అప్పుడు బడి కప్పు కోసం పట్టి ఉంచకండి. హకీంపేట క్రీడా పాఠశాల మీకు దగ్గరే. 1993 నుంచి ఉంది, నాలుగో తరగతి నుంచి చేర్చుకుంటారు. చిన్న తరగతుల్లో చురుకైన పిల్లలుంటే ఆ ఎంపికల సంగతి తల్లిదండ్రులకు చెప్పండి. ఆ వయసు దాటినవాళ్లయితే ఆ ఆట తెలిసిన కోచ్‌ను పీఈటీ సారు చూపించగలరు. పిల్లను అప్పగించాక మీ పని అయిపోయినట్టే. మిగతా 699 మంది మీకోసం చూస్తుంటారు.

ఇవన్నీ ఒకేసారి మొదలుపెడితే దీపావళికి అలసిపోతారు. ఈ నెల తాళంచెవి, గీతల లెక్క. వచ్చే నెల అమ్మాయిల రెండు రోజులు. నవంబరులో లీగు. సోమవారం ఉదయం వెళ్లి తాళంచెవి అడిగి తీసుకోండి. తాళం తుప్పు పట్టి తిరగకపోతే రెండు చుక్కల కొబ్బరినూనె పోసి పది నిమిషాలు ఆగండి. జనవరిలో అదే తరగతిని మళ్లీ అరగంట కూర్చుని లెక్కపెట్టి, సున్నాలు ఎన్ని మిగిలాయో నాకు రాయండి.